బుల్లెట్ రైలు చేసిన జపాన్.. ప్యాసింజర్ విమానం దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

2023 ఫిబ్రవరి 7. జపాన్‌కు చెందిన దిగ్గజ సంస్థ మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్ ఓ ప్రకటన చేసింది. స్పేస్‌జెట్ ప్రాజెక్టును పూర్తిగా ఆపేస్తున్నామని చెప్పింది. అప్పటికి మొదలుపెట్టి 15 ఏళ్లు. ఖర్చు సుమారు లక్ష కోట్ల యెన్లు. విమానం తయారైంది. గాల్లోకి ఎగిరింది. 3,900 గంటలకు పైగా టెస్ట్ ఫ్లైట్లు కూడా చేసింది. కానీ టికెట్ కొన్న ప్రయాణికుడు ఒక్కడు కూడా అందులో ఎక్కలేదు.

అదే జపాన్ ఇప్పుడు మళ్లీ సొంత విమానం అంటోంది. 2035 తర్వాత కొత్త తరం ప్యాసింజర్ విమానం తేవాలన్నది లక్ష్యమని 2024 మార్చిలో అక్కడి ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ ప్రకటించింది. ప్రభుత్వం, ప్రైవేటు సంస్థలు కలిసి పదేళ్లలో సుమారు 5 లక్షల కోట్ల యెన్లు పెట్టాలన్నది ఆలోచన.

కారు చేసింది. బుల్లెట్ రైలు చేసింది. రాకెట్ పంపింది. గ్రహశకలం మీద మట్టి కూడా తెచ్చింది. అలాంటి దేశానికి 90 మంది కూర్చునే విమానం అంత కష్టమా? అసలు తేడా ఎక్కడ కొట్టింది? ఇది అర్థం కావాలంటే 60 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ఒలింపిక్ జ్యోతిని మోసిన విమానం

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక జపాన్‌ విమానాల తయారీపై నిషేధం పడింది. 1945 నుంచి 1952 వరకు అక్కడి ఇంజనీర్లు విమానం జోలికే వెళ్లకూడదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మిగతా ప్రపంచం ప్రొపెల్లర్ నుంచి జెట్ యుగంలోకి దూకింది. జపాన్‌కు పడిన మొదటి గ్యాప్ అది.

నిషేధం పోయాక ప్రభుత్వమే ముందుకొచ్చింది. యుద్ధకాలంలో ఫైటర్ విమానాలు గీసిన పెద్ద డిజైనర్లను ఒకచోట కూర్చోబెట్టింది. వాళ్లలో జీరో ఫైటర్‌ను డిజైన్ చేసిన జిరో హొరికోషి ఒకరు. 2013లో వచ్చిన యానిమేషన్ సినిమా 'ది విండ్ రైజెస్' ఈయన జీవితం ఆధారంగా తీసిందే. 1959లో తయారీ కోసం నిహాన్ ఏరోప్లేన్ అనే సంస్థ పెట్టారు. మిత్సుబిషి, కవాసాకి, ఫుజి లాంటి కంపెనీలు తలో భాగం పంచుకున్నాయి.

అలా పుట్టిందే వైఎస్-11. పేరు వినగానే తెలుగోళ్లకు ఇంకేదో గుర్తుకు రావచ్చు. ఇక్కడ మాత్రం రవాణా విమానం, డిజైన్ అనే అర్థం వచ్చే జపనీస్ మాటల తొలి అక్షరాలవి. 60 మందికి పైగా కూర్చునే రెండు ప్రొపెల్లర్ల విమానం. 1962 ఆగస్టు 30న తొలిసారి ఎగిరింది. టెస్టుల్లో పక్కకు ఒరిగే సమస్య బయటపడితే రెక్కల కోణాన్ని మార్చి దారికి తెచ్చారు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జ్యోతిని ఒకినావా నుంచి జపాన్ ప్రధాన భూభాగానికి తెచ్చింది ఇదే విమానం. ఆ తర్వాత కొద్ది రోజులకే బుల్లెట్ రైలు కూడా పట్టాలెక్కింది.

1965లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన పాయింట్. ఎందుకంటే 50 ఏళ్ల తర్వాత జపాన్ మళ్లీ దాటలేకపోయిన గడప అదే.

అమెరికాలో పీడ్‌మాంట్ ఎయిర్‌లైన్స్ కొన్నది. బ్రెజిల్ ఎయిర్‌లైన్స్ కొన్నాయి. గ్రీస్ కొన్నది. జపాన్‌లో ఈ విమానం 2006 వరకు ప్రయాణికులను మోసింది. అంటే విమానంగా అది ఫెయిల్ కాదు.

ఫెయిల్ అయింది లెక్కల్లో. మొత్తం 182 విమానాలే తయారయ్యాయి. తయారీ ఖర్చు ఎక్కువ, అమ్మకం డాలర్లలో. 1971 తర్వాత యెన్ విలువ పెరగడంతో డాలర్లలో వచ్చే డబ్బు యెన్లలో తగ్గిపోయింది. విదేశాల్లో అమ్మే అనుభవం లేదు. చాలా కంపెనీలు కలిసి చేస్తున్న పని కాబట్టి నష్టం ఎవరిదన్న ప్రశ్నకు సూటి సమాధానం లేదు. నష్టాలు సుమారు 3,600 కోట్ల యెన్లకు చేరాయి. 1970ల మొదట్లోనే తయారీకి ఫుల్‌స్టాప్ పడింది. దీని తర్వాత రావాల్సిన విమానం రానే లేదు.

రెక్క జపాన్‌ది.. పేరు బోయింగ్‌ది

ఆ తర్వాత జపాన్ కంపెనీలు విమాన పరిశ్రమను వదిలేశాయా అంటే లేదు. ఇంకో దారి పట్టాయి. బోయింగ్‌కు భాగాలు చేసిచ్చే దారి.

బోయింగ్ 767లో జపాన్ వాటా సుమారు 15 శాతం. 777కు వచ్చేసరికి 21 శాతం. 787 డ్రీమ్‌లైనర్‌లో అది 35 శాతానికి చేరింది. డ్రీమ్‌లైనర్ ప్రధాన రెక్కలు చేసేది మిత్సుబిషి. నగోయాలో తయారైన ఆ రెక్కలను ప్రత్యేకమైన సరకు విమానంలో అమెరికా పంపిస్తారు. రెండు రెక్కలనూ కలిపే మధ్య భాగం ఇప్పటి సుబారు కంపెనీది. ముందు భాగంలో కొంత కవాసాకిది. వీటన్నిటికీ వాడే కార్బన్ ఫైబర్ టోరే అనే జపాన్ కంపెనీది. తొలి డ్రీమ్‌లైనర్‌ను 2011లో అందుకుంది కూడా జపాన్‌కు చెందిన ఏఎన్‌ఏ ఎయిర్‌లైన్సే.

ఢిల్లీ నుంచి డ్రీమ్‌లైనర్‌లో అమెరికాకో, యూరప్‌కో వెళ్లే ప్రయాణికుడు కిటికీలోంచి చూసే ఆ సన్నటి పొడవాటి రెక్క జపాన్‌లో పుట్టిందన్నమాట.

మరి ఇంత తెలిసినవాళ్లకు మొత్తం విమానం చేయడం ఎంత పని అనిపిస్తుంది కదా. మిత్సుబిషికి కూడా అలాగే అనిపించింది. అసలు చిక్కు అక్కడే ఉంది. భాగం చేసేవాడికి డ్రాయింగ్, బరువు, కొలత అన్నీ ముందే వస్తాయి. ఆ భాగం విమానంలో మిగతా వాటితో ఎలా నడుచుకుంటుంది, ఒకటి చెడితే మిగతావి ఏమవుతాయి, ఆ విషయాన్ని అధికారుల ముందు ఎలా నిరూపించాలి.. ఈ తలనొప్పులన్నీ బోయింగ్‌వి. 35 ఏళ్ల పాటు జపాన్ రెక్కలు చేయడం నేర్చుకుంది. తలనొప్పి పడటం మర్చిపోయింది.

2013లో రావాల్సిన విమానం

2008 మార్చిలో మిత్సుబిషి రీజినల్ జెట్.. షార్ట్‌గా ఎంఆర్‌జే.. అధికారికంగా మొదలైంది. ఏఎన్‌ఏ 25 విమానాలకు డీల్ చేసుకుంది. అందులో 15 పక్కా ఆర్డర్లు. 2013లో మొదటి డెలివరీ అన్నారు.

ప్లాన్ బాగుంది. 70 నుంచి 90 సీట్ల విమానాల్లో అప్పుడు రాజ్యమేలుతున్నవి బ్రెజిల్ ఎంబ్రాయర్, కెనడా బొంబార్డియర్. వాటికంటే తక్కువ ఇంధనంతో నడిచే విమానం తెస్తే మార్కెట్ తమదేనని మిత్సుబిషి లెక్క. అందుకోసం ప్రాట్ అండ్ విట్నీ కొత్తగా తెస్తున్న గేర్డ్ టర్బోఫ్యాన్ ఇంజన్‌ను ఎంచుకుంది. మామూలు ఇంజన్‌లో ముందున్న ఫ్యాన్, దాన్ని తిప్పే వెనక టర్బైన్ ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో గేర్ పెడితే ఫ్యాన్ నెమ్మదిగా, టర్బైన్ వేగంగా తిరగొచ్చు. ఇంధనం ఆదా, శబ్దం తక్కువ. మన దగ్గర ఇండిగో నడుపుతున్న కొన్ని ఏ320 నియోలకు ఉన్నది ఈ కుటుంబం ఇంజనే.

ఈ ఇంజన్‌ను ప్రపంచంలో అందరికంటే ముందు ఎంచుకుంది ఎంఆర్‌జేనే. అంటే ఐడియాలో మిత్సుబిషి వెనకపడలేదు. ఒక అడుగు ముందే ఉంది.

కానీ పనులు జారిపోతూ వచ్చాయి. మొదట కార్బన్ ఫైబర్ రెక్క అన్నారు. 2009లో మనసు మార్చుకుని అల్యూమినియం అన్నారు. 2013లో డెలివరీ అన్న విమానం తొలిసారి గాల్లోకి లేచిందే 2015 నవంబర్ 11న. ఆ రోజు నగోయాలో పండగ వాతావరణం. వైఎస్-11 తర్వాత అర్ధ శతాబ్దానికి సొంత ప్యాసింజర్ విమానం ఎగిరింది. మరుసటి ఏడాది ఆగస్టులో టెస్టుల కోసం అమెరికా బయలుదేరితే, ఎయిర్‌కండిషనింగ్ వ్యవస్థ మీద నిఘా పెట్టే భాగంలో సమస్యతో వరుసగా రెండుసార్లు దారిలోంచి వెనక్కి వచ్చింది.

అసలు దెబ్బ మాత్రం 2017 జనవరిలో తగిలింది.

వైర్ల దగ్గర చిక్కుకున్న విమానం

ఏ ప్యాసింజర్ విమానానికైనా టైప్ సర్టిఫికెట్ కావాలి. డిజైన్ చేసిన దేశంలోని విమానయాన విభాగం ముందు ఇవ్వాలి. తర్వాత అమెరికా, యూరప్ లాంటివి తమ వంతుగా పరిశీలించి ఓకే చెబుతాయి. విమానం బాగా ఎగురుతోందా అన్నది ఇందులో చిన్న ప్రశ్న. పెద్ద ప్రశ్న వేరే. ఒకచోట నీళ్లు చేరితే? పేలుడు జరిగితే? మంట వస్తే? అప్పుడు కూడా పైలట్ చేతిలో విమానం ఉంటుందా? ఉంటుందని కాగితం మీద, టెస్టులో.. రెండు చోట్లా నిరూపించాలి.

ఈ కోణంలో చూసినప్పుడు ఎంఆర్‌జేలో కీలక ఎలక్ట్రానిక్ పరికరాల అమరిక సరిపోదని తేలింది. ఒకేచోట దెబ్బ తగిలితే అన్నీ ఒక్కసారే పోకూడదు. కాబట్టి పరికరాలను వేరు చేసి పెట్టాలి. పరికరం కదిలితే దాని వైర్లు కదలాలి. వైర్లు కదిలితే వాటి దారిలో ఉన్నవన్నీ కదలాలి. ఇల్లు కట్టి రంగులు వేశాక గోడల్లో కరెంటు లైన్లన్నీ మార్చమన్నట్టు అయింది పరిస్థితి. డిజైన్‌లో 900కు పైగా మార్పులు చేయాల్సి వచ్చింది. డెలివరీ 2020కి జరిగింది. ఆ తర్వాత 2021 దాటుతుందన్నారు.

ఇక్కడ తప్పు ఒక్క కంపెనీదే కాదు. సర్టిఫికెట్ ఇవ్వాల్సిన జపాన్ అధికారులకు కూడా అంతకుముందు ఒక్క ప్యాసింజర్ జెట్‌ను సర్టిఫై చేసిన అనుభవం లేదు. పరీక్ష రాసేవాడికీ, పేపర్ దిద్దేవాడికీ ఇద్దరికీ సబ్జెక్టు కొత్తే. వైఎస్-11 కోసం ఆ పని చేసినవాళ్లు ఎప్పుడో రిటైరైపోయారు. విదేశీ నిపుణులను పిలిపించారు కానీ అప్పటికే ఆలస్యం అయిపోయింది. ప్రాజెక్టును మూసేసిన రోజు మిత్సుబిషి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి.. సర్టిఫికేషన్ ఎంత క్లిష్టమైన పనో మొదట్లో సరిగా అర్థం చేసుకోలేకపోయామని.

86,000 పౌండ్ల గీత

ఇంకో దెబ్బ ఆకాశం నుంచి కాదు, ఒప్పంద పత్రాల నుంచి వచ్చింది. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్‌కు, పైలట్ యూనియన్లకు మధ్య స్కోప్ క్లాజ్ అనే నిబంధన ఉంటుంది. చిన్న రూట్లను వేరే కంపెనీలకు అప్పగించవచ్చు కానీ ఆ విమానాల్లో 76 సీట్లకు మించకూడదు, బరువు 86,000 పౌండ్లు.. అంటే దాదాపు 39 టన్నులు.. దాటకూడదు. తమ ఉద్యోగాలు చౌకగా బయటకు పోకుండా పైలట్లు వేసుకున్న కంచె అది.

ఎంఆర్‌జే పెద్ద మోడల్ ఆ గీత దాటింది. ప్రాజెక్టు పూర్తయ్యే లోపు రూల్ సడలుతుందని ఆశించారు. సడలలేదు. 2019లో ట్రాన్స్ స్టేట్స్ అనే అమెరికా కంపెనీ తన ఆర్డర్‌ను రద్దు చేసుకుంది. అదే ఏడాది విమానం పేరును స్పేస్‌జెట్‌గా మార్చి, 76 సీట్ల లెక్కకు సరిపోయే ఇంకో మోడల్ మొదలుపెట్టారు. అంతలోనే కరోనా వచ్చింది. 2020 అక్టోబర్‌లో పనులు ఆగిపోయాయి. మళ్లీ మొదలవలేదు.

అమ్మినవాడే కొనుక్కుంటున్నాడు

ఈ కథలో అసలైన పాఠం బ్రెజిల్ దగ్గర ఉంది.

1960ల చివర్లో బ్రెజిల్ ఎయిర్‌లైన్స్ జపాన్ వైఎస్-11లను కొనుక్కున్నాయి. 1969లో బ్రెజిల్ ప్రభుత్వం ఎంబ్రాయర్ అనే సంస్థను పెట్టింది. మొదటి విమానం బందేరాంచె.. ఇరవై మంది లోపు కూర్చునే చిన్న ప్రొపెల్లర్ విమానం. దాన్ని వదిలేయలేదు. తర్వాత 30 సీట్ల బ్రసీలియా. ఆ తర్వాత 50 సీట్ల జెట్. ఆ తర్వాత 70 నుంచి 110 సీట్ల ఈ-జెట్స్. ఒక్కో విమానానికి ఒక్కోసారి సర్టిఫికెట్ పరీక్ష రాస్తూ వచ్చారు. ఒక తరం ఇంజనీర్లు రిటైరయ్యే లోపు తర్వాతి తరానికి పని చేతికొచ్చింది.

ఫలితం ఏంటి? 2013లో ఎంబ్రాయర్ కొత్త ఈ2 విమానాలను ప్రకటించింది. ఇంజన్ కూడా ఎంఆర్‌జేకు పెట్టిన ఆ గేర్డ్ టర్బోఫ్యాన్ కుటుంబానిదే. అంటే ఐదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టింది. 2018 ఏప్రిల్‌కల్లా ప్రయాణికులను ఎక్కించుకుంది. ఎంబ్రాయర్‌కు కూడా స్కోప్ క్లాజ్ దెబ్బ తగలకపోలేదు. ఈ175-ఈ2 అనే చిన్న మోడల్ ఇదే బరువు రూల్ వల్ల పక్కన పడింది. కానీ చేతిలో పాత ఈ175 ఉంది, దాన్నే అమ్ముకుంటూ పోయింది. మిత్సుబిషికి వెనక్కి తిరిగి చూస్తే ఏమీ లేదు.

ఇవాళ జపాన్ ఎయిర్‌లైన్స్ గ్రూపులోని జే-ఎయిర్ దేశంలోని చిన్న నగరాల మధ్య నడుపుతున్నవి ఎంబ్రాయర్ విమానాలే. ఒకప్పుడు అమ్మినవాడు ఇప్పుడు కొంటున్నాడు.

అన్నీ ఒకేలా ఉంటే కొత్తదనం ఎక్కడ?

విమానాల డిజైన్ గురించి తరచూ వినిపించే మాట ఒకటుంది. అన్నీ ఒకటే మోడల్, అంతా కాపీ అని. పొడవాటి గొట్టం, రెండు రెక్కలు, వాటి కింద ఇంజన్లు. 1950ల్లో బోయింగ్ 707 వచ్చినప్పటి నుంచి దాదాపు ఇదే రూపం. ఎంఆర్‌జే మీద కూడా ఆ విమర్శ వచ్చింది. జపాన్ ముద్ర ఎక్కడుందని.

మరి వేరేగా గీస్తే? జపాన్‌లోనే దానికి ఉదాహరణ ఉంది. హోండాజెట్. కార్లు, బైకులు చేసే హోండా 1986లో విమానాల మీద పరిశోధన మొదలుపెట్టింది. ఇంజనీర్ మిచిమాసా ఫుజినో ఇంజన్లను రెక్కల కింద కాకుండా రెక్కల మీద స్తంభాలపై నిలబెట్టాలని ఆలోచించాడు. అలా చేస్తే గాలి ప్రవాహం చెడుతుందన్నది అప్పటి నమ్మకం. సరైన చోట పెడితే చెడదని, పైగా మేలు జరుగుతుందని లెక్కలతో, విండ్ టన్నెల్ పరీక్షలతో చూపించాడు. క్యాబిన్‌లో చోటు కలిసొచ్చింది, శబ్దం తగ్గింది. 2015 డిసెంబర్‌లో ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ వచ్చింది.

ఎంఆర్‌జే ఓడిపోయిన చోట హోండాజెట్ ఎలా నెగ్గింది? విమానం చిన్నది, ఆరేడుగురు ఎక్కే బిజినెస్ జెట్ అన్నది ఒక కారణం. ఇంకో కారణం.. హోండా తన విమానాల కంపెనీని అమెరికాలోని గ్రీన్స్‌బరోలో పెట్టింది. సర్టిఫికెట్ ఇచ్చే అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లింది. మొదలుపెట్టిన దగ్గర్నుంచి దాదాపు 30 ఏళ్లు ఓపిక పట్టింది.

కొత్త రూపం ఒక్కటే చాలదని చెప్పే ఉదాహరణ కూడా ఉంది. రెక్కల మీద ఇంజన్లు పెట్టడం హోండాతో మొదలు కాలేదు. జర్మనీకి చెందిన వీఎఫ్‌డబ్ల్యూ-614 అనే చిన్న ప్యాసింజర్ జెట్ 1971లోనే అలా ఎగిరింది. 20 విమానాలు కూడా తయారు కాకుండానే ప్రాజెక్టు మూతపడింది.

అంటే బొమ్మ కొత్తగా ఉన్నంత మాత్రాన విమానం నిలబడదు. పాతగా ఉన్నంత మాత్రాన పడిపోదు. ఇది సురక్షితం అని నిరూపించగలగాలి, దాన్ని కొనేవాడు ఉండాలి, ఆ తర్వాత ఇంకో విమానం రావాలి. ఈ మూడూ తెలిసిన మనుషులు ఉన్న చోటే కొత్తదనం కాగితం దాటి బయటకొస్తుంది.

మనకేంటి సంబంధం?

1960ల్లో వైఎస్-11కు పోటీగా ఉన్న విమానాల్లో బ్రిటన్ ఆవ్రో 748 ఒకటి. దానికీ, వైఎస్-11కూ రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజన్లే. ఆ ఆవ్రోను కాన్పూర్‌లో తయారు చేసింది మన హెచ్‌ఏఎల్. కాన్పూర్‌లో తొలి విమానం 1961లోనే ఎగిరింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాటిని నడిపింది. అంటే జపాన్, భారత్ దాదాపు ఒకే సమయంలో ఒకే గీత దగ్గర నిలబడ్డాయి. తర్వాత మనకూ గ్యాప్ వచ్చింది. బెంగళూరులోని ఎన్‌ఏఎల్ సొంతంగా చేసిన సరస్ విమానం 2004లో ఎగిరింది. 2009లో టెస్ట్ ఫ్లైట్ కూలి ముగ్గురు చనిపోయారు. ఇప్పటిదాకా ప్రయాణికుల సేవలోకి రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు, బోయింగ్ 737 తోక రెక్కలు తయారవుతున్నాయి. వేలమందికి పని దొరికింది, మంచి విషయమే. అయితే నగోయా అనుభవం చెబుతున్నది కూడా వినాలి. భాగాలు చేయడం నేర్పేది ఒకటి, విమానం చేయడం నేర్పేది ఇంకొకటి. మొదటిది ఎంత బాగా వచ్చినా రెండోది దానంతటదే రాదు. మన డీజీసీఏ కూడా పెద్ద ప్యాసింజర్ జెట్‌ను మొదటి నుంచి చివరిదాకా సర్టిఫై చేసిన సందర్భం లేదు. జపాన్ అధికారులకు ఎదురైన ప్రశ్నే రేపు ఇక్కడా ఎదురవుతుంది.

మూడోసారి ఏం మారాలి?

జపాన్ ఈసారి కొంత పాఠం నేర్చుకున్నట్టే కనిపిస్తోంది. ఒక్క కంపెనీ నెత్తిన మొత్తం భారం పెట్టకూడదని అనుకుంటోంది. హైడ్రోజన్ లాంటి కొత్త ఇంధనాల వైపు చూస్తోంది. అందరూ కొత్తగా మొదలుపెట్టే చోట అయితే వెనకబడ్డామన్న బాధ ఉండదన్నది ఒక లెక్క.

అయితే ఈ లెక్కలో ఒక రిస్క్ ఉంది. చాలా కంపెనీలు కలిసి చేయడం వైఎస్-11తోనే చూశారు. అప్పుడు బాధ్యత ఎవరిదో తేలలేదు. కొత్త టెక్నాలజీని ముందే పట్టుకోవడం ఎంఆర్‌జేతో చూశారు. అప్పుడు ఐడియా ముందుంది, నిరూపణ వెనకబడింది. ఇక హైడ్రోజన్ విమానానికైతే సర్టిఫికేషన్ రూల్సే ఇంకా పూర్తిగా తయారు కాలేదు.

స్పేస్‌జెట్ మీద పనిచేసిన ఇంజనీర్లు ఇంకా ఉన్నారు. 3,900 గంటల టెస్ట్ డేటా ఉంది. 900కు పైగా మార్పులు ఎందుకు చేయాల్సి వచ్చిందో తెలిసినవాళ్లు ఉన్నారు. లక్ష కోట్ల యెన్లకు జపాన్ కొనుక్కున్న అసలు సరుకు ఇదే. 2035 దాకా వీళ్ల చేతికి పని లేకపోతే అప్పటికి వీళ్లలో చాలామంది ఉద్యోగాల్లో ఉండరు. 1970ల్లో జరిగింది సరిగ్గా అదే.

కొత్త విమానం ఎలా ఉండబోతోందన్నది ఆసక్తికరమే. దాన్ని గీసేలోపు పాత విమానం నేర్పిన పాఠం తెలిసినవాళ్లను జపాన్ కాపాడుకుంటుందా లేదా అన్నదే ఇప్పుడు చూడాల్సిన విషయం.